‘ఇక్కడ పర్వాలేదా బావా?’

ఆ శనివారం నేను చేసిన పని తెలియక చేసింది కాదు. శుక్రవారం సాయంత్రమే మంచు చరియల సూచన చదివాను. మేం వెళ్లబోయే ప్రాంతానికి నారింజ రంగు వేసి, పక్కన 3 అంకె వేసి ఉంది. చూశాను. ‘ఐదుకి మూడే కదా’ అనుకుని ఫోన్ పక్కన పెట్టి, పులిహోరకి చింతపండు నానబెట్టాను. మర్నాడు నా వెనక నడవబోయే ఐదుగురిలో ఒక్కరికి కూడా ఆ అంకె సంగతి చెప్పలేదు. చెబితే ఒకరిద్దరు వెనక్కి తగ్గుతారేమోనన్న భయం కూడా మనసులో ఎక్కడో ఉంది. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

సియాటిల్ నుంచి ఐ-90 రహదారి మీద తూర్పుకి గంట ప్రయాణం చేస్తే స్నోక్వాల్మీ పాస్ వస్తుంది. కనుమ ఎత్తు దాదాపు మూడు వేల అడుగులు. రెడ్మండ్, బెల్లెవ్యూ, సమామిష్‌లలో ఉండే మన తెలుగు కుటుంబాలు చలికాలంలో పిల్లల్ని మంచులో ఆడించడానికి ఎక్కువగా వెళ్లేది అక్కడికే. హైవే దిగి ఇంకాస్త లోపలికి పోతే ఆల్పెంటల్ స్కీ రిసార్ట్. దాని పార్కింగ్ దాటాక రిసార్టు హద్దు అయిపోతుంది. లోయ మాత్రం ఇంకా లోపలికి సాగుతుంది, స్నోక్వాల్మీ నది దక్షిణ పాయ పుట్టే సోర్స్ లేక్ దాకా. ఒక పక్క స్నోక్వాల్మీ కొండ, ఇంకో పక్క టూత్ శిఖరం వైపు వాలులు, ఎదురుగా చెయిర్ పీక్. లోయ అడుగునే నడక కాబట్టి ఆయాసం ఉండదు. పదేళ్ల పిల్లలు కూడా స్నోషూలు కట్టుకుని నడుస్తారు. ఆ తేలికనే నేను భద్రత అనుకున్నాను.

రిసార్టు లోపల గస్తీవాళ్లు తెల్లవారకముందే పేలుడు పదార్థాలు పెట్టి, ప్రమాదంగా ఉన్న మంచును దింపేస్తారు. హైవే మీద రాష్ట్ర రవాణా శాఖ అదే పని చేస్తుంది. పార్కింగ్ దాటిన మరుక్షణం నుంచి మన తరఫున ఆ పని చేసేవాళ్లు ఎవరూ ఉండరు. పైనుంచి జారిన మంచు వచ్చి ఆగేది మనం నడిచే ఆ అడుగునే. కొండ మీంచి లోయదాకా చెట్లు లేకుండా దిగే తెల్లటి పట్టీలు నా ఫోటోల్లో ఏళ్ల తరబడి ఉన్నాయి. అక్కడ చెట్లు ఎందుకు లేవని ఒక్కసారీ ఆలోచించలేదు. మొలిచిన చెట్టునల్లా మంచు విరుచుకుపోవడం వల్ల లేవు.

ఆ అంకె సంగతికి వస్తాను. ఇక్కడ నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ అని ఒక సంస్థ ఉంది. చలికాలమంతా ప్రతి సాయంత్రం మర్నాటి సూచన ప్రాంతాలవారీగా ఇస్తుంది. ప్రమాదానికి ఐదు స్థాయిలు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, నలుపు. చిన్నప్పటి నుంచి మార్కులు లెక్కపెట్టుకున్న బుర్ర కదా, మూడంటే మధ్యస్థం, జాగ్రత్తగా పోతే గట్టెక్కుతాం అని చదివింది. ఆ మెట్లు సమానమైన ఎత్తులో లేవని తర్వాత తెలిసింది. రెండో స్థాయిలో మనిషి అడుగు పడి చరియ విరగడం జరగవచ్చు. మూడో స్థాయిలో విరిగే అవకాశమే ఎక్కువ. దానంతట అది విరిగిపడటం కూడా జరగవచ్చు. అంటే ఆ రోజు ఆ వాలు ఎక్కేవాడికి సూచన చెప్పిన మాట ‘కొంచెం చూసుకో’ అని కాదు, ‘నువ్వు ఎక్కితే విరిగే అవకాశమే ఎక్కువ’ అని. నాలుగు, ఐదు ఉన్న రోజుల్లో తుఫాను హోరెత్తుతూ ఉంటుంది, దారులు మూసేస్తారు, చాలామంది కదలరు. మూడు ఉన్న రోజున తరచు తుఫాను వెలిసి ఆకాశం నీలంగా మెరుస్తుంది, కొత్త మంచు కాళ్లకి మెత్తగా తగులుతుంది. అందుకే మంచు చరియల కింద పోయినవాళ్లలో పెద్ద వాటా ఆ మూడో స్థాయి రోజుల్లోనే పోయారు. అమెరికాలో ఏటా సగటున పాతిక మంది ఇలా చనిపోతున్నారు. దాదాపు పది ప్రమాదాల్లో తొమ్మిదింట చరియను కదిలించింది దాని కింద పడినవాడో, వాడి వెంట ఉన్నవాడో.

మరి అంత పెద్దరికం నాకు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఈ దేశం వచ్చాకే మంచు కంటితో చూశాను. మొదటి చలికాలం అద్దె స్నోషూలతో భయం భయంగా నడిచాను. తర్వాత సొంతవి కొన్నాను. ఆ తర్వాత కొత్తగా వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టాను. ‘అన్నకి కొండలన్నీ తెలుసు’ అని వాట్సాప్ గ్రూపులో ఒకరు రాస్తే, నేను కాదనలేదు. ఆ మాట బాగుంది. క్షేమంగా తిరిగొచ్చిన ప్రతిసారీ నా తెలివి లెక్కలో ఒకటి జమ వేసుకున్నాను.

ఇక్కడే నా బుద్ధి పూర్తిగా గడ్డి తిన్నది. వంట చెడితే నోటికి తెలుస్తుంది. కోడ్‌లో తప్పు రాస్తే సాయంత్రానికి ఏదో ఒకటి ఆగిపోతుంది. మంచు వాలు అలా చెప్పదు. విరగడానికి సిద్ధంగా ఉన్న వాలు మీద నడిచి, కాలు పడకూడని చోట పడక బయటపడితే, గట్టి వాలు మీద నడిచి వచ్చినవాడికి ఎంత సంతోషం ఉంటుందో అంతే సంతోషంతో ఇంటికొస్తాం. రెంటికీ తేడా మనకి తెలిసే దారే లేదు. అలా నేను తప్పు చేసి నెగ్గిన రోజులన్నీ నా దృష్టిలో అనుభవంగా పేరుకున్నాయి. ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన ఏడు వందలకు పైగా ప్రమాదాలను పరిశీలించి ఈ శతాబ్దం మొదట్లో ఒక మాట తేల్చాడు. తమకు బాగా తెలిసిన చోట, శిక్షణ పొందినవాళ్లు కూడా శిక్షణ లేనివాళ్లంత తెగింపుగానే నడిచారట. అది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. నాకు శిక్షణ కూడా లేదు. తెలిసిన చోటు అన్న ధీమా ఒక్కటే ఉంది.

ఆ శనివారానికి ముందు వారాంతం కూడా నేను అదే లోయలో ఉన్నాను. అప్పటికి కొన్ని రాత్రులుగా ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకుండా చలి బిగపట్టింది. పొద్దున చూస్తే, నీడలో ఉన్న మంచు మీద గాజు తునకల్లా వెలుగు పట్టుకున్న పలుచని పలకలు నిలువుగా మొలిచి ఉన్నాయి. ఒక్కోటి గోరంత పొడవు. అడుగు వేస్తే గలగలమని సన్నగా మోగాయి. మనవైపు చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు బిందువులు పట్టే పద్ధతిలోనే ఇవీ పుడతాయి. కాకపోతే ఇక్కడ గాలిలోని తేమ నీరు కాకుండానే నేరుగా స్ఫటికమై నిలబడుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి తగిలి కరగకుండా బిగపట్టి, దగ్గరగా ఫోటో తీశాను. స్టేటస్ పెడితే ఎంతోమంది మెచ్చుకున్నారు.

వారం మధ్యలో పసిఫిక్ మీంచి తుఫాను వచ్చింది. అడుగున్నర దాకా మంచు పడింది. గాలి దాన్ని శిఖరాల అవతలి నుంచి ఊడ్చుకొచ్చి నీడ వాలుల మీద పోసి, అదిమి, గట్టి పలకగా చేసింది. నేను ఫోటో తీసిన ఆ స్ఫటికాలు దాని కింద చెక్కుచెదరకుండా పూడిపోయాయి. అవి అలా వారాల తరబడి నిలుస్తాయి. నున్నటి బండ మీద ఆవాలు పోసి పైన చాప పరిస్తే ఎలా ఉంటుందో కింద పరిస్థితి అలా ఉంది. చాప ఒక మూల తొక్కినా మొత్తం కదులుతుంది. వాలు 30 డిగ్రీలు దాటితే చాలు, 30కీ 45కీ మధ్యనే ఇలాంటి పలకలు ఎక్కువగా విరుగుతాయి. మెట్ల దారి కంటే కాస్త నిలువుగా అనిపించే వాలు, ఫోటోకి అందంగా కనిపించే వాలు, ఆ కొలతలోనే ఉంటుంది.

శుక్రవారం సూచనలో అంకె కింద ఇదంతా రాసి ఉంది. నీడ వాలుల మీద, కొత్త మంచు కింద, పూడిపోయిన ఆ పొర బలహీనంగా ఉందనీ, దూరం నుంచి అడుగు వేసినా పైది విరగవచ్చనీ. నేను అంకె దగ్గరే ఆగిపోయాను. రెండు పేరాలు కిందికి జరిపి ఉంటే, వారం కిందట మురిసిపోతూ ఫోటో తీసిన వస్తువే నాకు ఎదురయ్యేది.

ఆ రోజు మేం ఆరుగురం. మా ఆవిడ పాపతో ఇంట్లో ఉండిపోయింది. ఆమె తమ్ముడు, ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో వచ్చినవాడు, నాతో వచ్చాడు. ఇంకా ఆఫీసు స్నేహితుడూ వాళ్లావిడా, గ్రూపులో పరిచయమైన ఇద్దరు కుర్రాళ్లు. పార్కింగ్ నుంచి అప్పటికే ఎవరివో అడుగుజాడలు లోయలోకి పోతున్నాయి. వాటిని చూసి ధైర్యం వచ్చింది. ముందు పోయినవాళ్లకి ఏం తెలుసో, ఎటు పోయారో, ఎప్పుడు పోయారో నాకు తెలియదు. జాడలు ఉండటమే అనుమతి అనుకున్నాను.

గంట నడిచాక, చెట్లు పలుచబడిన చోట, కాళ్ల కింద ‘వుంఫ్’ మని మొద్దుగా ఒక శబ్దం. నేల ఒక్క వేలంత కుంగి ఆగింది. అందరం నిలబడిపోయాం. అటు పక్క చిన్న మొక్క కొమ్మ మీంచి మంచు రాలింది. నా స్నోషూ ముందునుంచి సన్నటి పగులు ఒకటి పాకి, కొంత దూరం పోయి ఆగింది.

“ఇక్కడ పర్వాలేదా బావా?” అన్నాడు మా బావమరిది.

ఆ గుంపులో మంచు గురించి అందరికంటే తక్కువ తెలిసినవాడు వాడు. ఆ రోజు అడగవలసిన ప్రశ్న అడిగింది వాడొక్కడే. కింద ఉన్న బలహీనమైన పొర కూలితే వచ్చే శబ్దం అది. మంచు అంతకంటే తేటగా మనిషికి ఏమీ చెప్పలేదు. ఆ శబ్దం విన్నాక వాలుల కిందినుంచి కూడా తప్పుకుని, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. నేను నవ్వి, “మంచు సర్దుకుంటోందిరా, అంతే. ఎన్నిసార్లు వచ్చాను నేనిక్కడికి!” అన్నాను. నా జవాబులో మంచు గురించి ఏమీ లేదు, అంతా నా గురించే. వాడు ఇంకేమీ అనలేదు. అక్కగారి భర్తని అంతకంటే ఏమంటాడు? మన ఇళ్లలో పెద్దవాడి మాటకి చిన్నవాడు ఎదురు చెప్పడు. ఆ మర్యాదను నేను వాడి నోరు మూయించడానికి వాడుకున్నాను. ఈ స్వగతంలో నేను ఒప్పుకోవలసినవాటిలో బరువైనది ఇది.

సరస్సు గిన్నెలోకి చేరాక, ఎడమ పక్క నీడ వాలు మీద కొంచెం పైకి ఎక్కితే చెయిర్ పీక్ మొత్తం ఫోటోలో పడుతుందని నేనే దారి తీశాను. నా వెనక ఒక కుర్రాడు, వాడి వెనక మా బావమరిది. మిగతా ముగ్గురు కింద ఆగి ఫ్లాస్కు మూత తీస్తున్నారు. నేను వాలు అంచున ఒక చెట్ల గుంపు దగ్గరికి చేరి వెనక్కి తిరిగాను. నా తలకి పైన, కొంచెం ఎత్తులో, మంచు మీద అడ్డంగా ఒక గీత పడటం చూశాను. ఎవరో సూదితో గీసినంత సన్నగా, చాలా వేగంగా. పెద్ద చప్పుడేమీ లేదు. గీత కింది మంచంతా ఒక్కసారిగా బద్దలై ముక్కలు ముక్కలుగా కదిలింది. నా వెనక కుర్రాడు చెట్టు కొమ్మ పట్టుకున్నాడు. మా బావమరిది కాళ్లు గాల్లోకి లేచాయి, తర్వాత వాడు కనపడలేదు, తర్వాత కింద కనపడ్డాడు.

వాడు పోయి ఆగిన చోటు చూస్తే ఇప్పటికీ గుండె జారుతుంది. ఇంకో నాలుగు బారలు కిందికి పోతే వాగు గుంట ఉంది. చిన్న చరియైనా అలాంటి గుంటలోకి దిగితే అక్కడ నిలువెత్తు పేరుకుంటుంది. ఆ రోజు విరిగిన పలక మందం మోకాలెత్తే. అంత చిన్నది కూడా గుంటలో మనిషిని పూడ్చేయగలదు. వాడు గుంటకి ఇవతల ఆగాడు, ఛాతీ దాకా మంచులో, ఒక చేయి పైన, ఒక చేయి లోపల. “బావా, కాలు తెలీడం లేదు” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. వణికింది నేను.

మా దగ్గర పార ఒక్కటి కూడా లేదు. ఆరుగురికీ పులిహోర ఉంది, బజ్జీలు ఉన్నాయి, ఫోన్ చార్జర్లు ఉన్నాయి. చేతులతో మొదలుపెట్టాం. పొద్దున ఊదితే ఎగిరిన మంచు అది. జారి ఆగిన క్షణంలోనే గడ్డకట్టుకుపోయింది. దొర్లేటప్పుడు గింజలన్నీ ఒకదానికొకటి రాసుకుని నలిగి కాస్త వేడెక్కుతాయి, ఆగగానే అతుక్కుపోతాయి. వేళ్లు దిగవు. స్నోషూ విప్పి దాని తోకతో పొడిచి, పులిహోర తెచ్చిన స్టీలు డబ్బా మూతతో తోడాం. మూత అంచు రెండు చోట్ల వంగిపోయింది. వాడి స్నోషూ లోపల అడ్డం తిరిగి లంగరై కూర్చుంది. దాని పట్టీ దాకా తవ్వి కోసేదాకా కాలు రాలేదు. అంతసేపూ మా తలల పైన వాలు మీద విరగని సగం పలక అలాగే వేలాడుతోంది. అది కూడా దిగితే ఏమవుతుందన్నది ఆ రోజు నాకు తట్టను కూడా లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. నా ఫోన్లో చివరి ఫోటోకీ, తర్వాత కింద నిలబడ్డ కుర్రాడు ఎందుకో తీసిన ఫోటోకీ మధ్య ముప్పావు గంట తేడా ఉంది.

ముప్పావు గంట. తల పైన ఉంది కాబట్టి వాడు మాట్లాడుతూ, మేం ఇచ్చిన టీ తాగుతూ బయటపడ్డాడు, మడమ బెణుకుతో. తల కూడా లోపలికి పోయి ఉంటే? మంచులో పూర్తిగా కూరుకుపోయిన మనిషిని మొదటి పది నిమిషాల్లో తీయగలిగితే పదిమందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. ఆ తర్వాత ఊపిరాడక ఆ లెక్క నిట్టనిలువునా పడిపోతుంది. అరగంట దాటితే ముగ్గురిలో ఒకరు బతకడం కూడా కష్టం. పై నుంచి చూస్తే మంచు అంతా ఒకేలా తెల్లగా ఉంటుంది, ఎక్కడ తవ్వాలో తెలియదు. అందుకే అలాంటి చోట్లకి పోయే ప్రతి ఒక్కరూ ఒంటికి బీకన్ కట్టుకుంటారు. ప్రపంచమంతా ఒకే పౌనఃపున్యం, 457 కిలోహెర్ట్జ్, ఏ కంపెనీది ఏ కంపెనీదాన్నైనా పట్టుకుంటుంది. బీకన్, పొడవాటి ప్రోబ్ కర్ర, పార. మూడూ ఉండాలి, ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి. ఈ రాష్ట్రంలో కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికించే బాధ్యత షెరీఫ్‌ది, వచ్చేది ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్లు ఎంత పరిగెత్తినా మనం ఉన్న చోటికి చేరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆ పది నిమిషాల్లో పక్కనున్నవాడే దిక్కు. ఆ రోజు వాడి పక్కనున్నవాణ్ని నేను, నా చేతిలో ఉన్నది డబ్బా మూత.

తర్వాత చేసిందీ చెప్పాలి. కారెక్కే ముందు అందరినీ కూర్చోబెట్టి, ఇంట్లో కంగారు పడతారు, జారిపడ్డాడని చెబుదాం అన్నాను. మా ఆవిడతో అదే చెప్పాను. తన తమ్ముడి మడమకి కాపడం పెడుతూ “చూసుకుని నడవొద్దూ” అని వాణ్నే మందలించింది. వాడు నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే ఆమె పాత భయం గుర్తొచ్చింది. నేను మొదటిసారి మంచు కొండల మాట చెప్పినప్పుడు, 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో చరియ కింద పదిమంది జవాన్లు పోయిన సంగతి గుర్తుచేసి భయపడింది అమ్మ. వాళ్లలో ఒకరు కర్నూలు జిల్లా వాడు. ‘అది ఇరవై వేల అడుగుల ఎత్తమ్మా, ఇది పిల్లలాడుకునే చోటు’ అని అప్పట్లో కొట్టిపారేశాను. ఆ జవాన్లు దేశం నిలబడమన్న చోట నిలబడ్డారు. వాళ్లకి ఇంకో దారి లేదు. నాకు శనివారం పొద్దున ఎన్ని దారులున్నాయో లెక్కలేదు.

ఫోటోలు కూడా పెట్టాను. చరియకి ముందు తీసినవి, నవ్వుతూ ఉన్నవి. మరుసటి వారం గ్రూపులో ఒక కుటుంబం అవి చూసి దారి అడిగింది. ఇద్దరు పిల్లలు వాళ్లకి. పార్కింగ్ ఎక్కడో, ఎటు తిరగాలో అన్నీ చెప్పాను. చరియ సంగతి మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చెబితే ముందు వారం దాచిందంతా బయటపడుతుంది. వాళ్లు వెళ్లారు. ఆ పగలంతా నేను ఫోన్ చేతిలో పట్టుకుని ఇంట్లో తిరిగాను. సాయంత్రం ‘చాలా బాగుంది అన్నా, థాంక్స్’ అని మెసేజ్ వచ్చింది. బాత్రూంలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఆ రాత్రే మా ఆవిడకి మొత్తం చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఒక్కటే: “వాడు అడిగాడా మిమ్మల్ని, అక్కడ?” అడిగాడని చెప్పాను.

ఆ చలికాలమే మూడు రోజుల అవలాంచ్ కోర్సులో చేరాను. రెండో రోజు నీడ వాలు పక్కన నడుం లోతు గొయ్యి తవ్వించారు. గోడ నున్నగా చెక్కి, పార వెడల్పు అంత మంచు స్తంభాన్ని విడదీసి, దాని నెత్తిన పార పెట్టి చేత్తో తట్టాలి. మొదట మణికట్టు నుంచి పది దెబ్బలు, తర్వాత మోచేతి నుంచి పది, ఆ తర్వాత భుజం నుంచి పది. నా స్తంభం మణికట్టు దెబ్బలకే, ఇంకా పది కూడా కాకముందే, పై పలక సొరుగు లాగినంత తేలిగ్గా జారి నా ఒళ్లో పడింది. జారిన చోట భూతద్దం పెట్టి చూడమన్నారు. నిలువుగా నిలబడ్డ పలుచని పలకలు, గోరంత పొడవు. అవే. వారాలు గడిచినా అలాగే ఉన్నాయి.

ఆ కోర్సులోనే టన్నెల్ క్రీక్ గురించి చదివించారు. మా ఇళ్లకి అంత దూరమేమీ కాదు, స్టీవెన్స్ పాస్ దగ్గర. 2012 ఫిబ్రవరి 19న అక్కడ స్కీ చేస్తున్న గుంపు మీద చరియ పడి ముగ్గురు చనిపోయారు. ఆ గుంపులో స్కీయింగే వృత్తిగా బతికేవాళ్లు, ఆ కొండను ఏళ్లుగా ఎరిగినవాళ్లు ఉన్నారు. అందరి దగ్గరా సామాను ఉంది. న్యూయార్క్ టైమ్స్ ఆ కథనాన్ని వివరంగా రాసి మరుసటి ఏడాది పులిట్జర్ అందుకుంది. అందులో నన్ను పట్టి కుదిపింది ఒక్కటే. ఆ పొద్దున చాలామందికి లోలోపల సందేహం ఉంది. ఇంతమంది తెలిసినవాళ్లు ఉండగా నేనేం చెప్పను అని ఎవరికి వారు ఊరుకున్నారు. అదే స్టీవెన్స్ పాస్ దగ్గర 1910 మార్చి 1న వెల్లింగ్టన్ అనే చోట మంచులో చిక్కుకుని ఆగిన రెండు రైళ్లను చరియ లోయలోకి నెట్టేసి 96 మందిని పొట్టన పెట్టుకుంది. వేసవిలో అక్కడ ఐరన్ గోట్ ట్రైల్ మీద నడిచి, బోర్డు చదివి, ఫోటో తీసుకున్నవాణ్నే నేను. అది పాతకాలపు దురదృష్టం అనుకుని వచ్చేశాను.

మా బావమరిది ఇప్పుడు నాతో వస్తాడు, సూచన వాడు చదువుతాడు. అంకెతో ఆపడు, కింది పేరాలు కూడా పైకి చదువుతాడు. వాడు వద్దంటే వద్దు. క్షమించమని వాణ్ని అడిగితే, “అప్పుడే గట్టిగా అనాల్సింది బావా, నాదీ తప్పే” అన్నాడు. వాడిది కాదు. అడిగినవాడి తప్పు ఏముంటుంది?

కొత్తగా వచ్చిన పిల్లలకీ, వాళ్లని కొండలకి తీసుకెళ్లే నాలాంటి అన్నలకీ నా మనవి. ‘రేపు స్నోషూకి పోదాం’ అని గ్రూపులో పెట్టేటప్పుడు ఆ సాయంత్రం సూచన కూడా దాని కిందే పెట్టండి. మూడు ఉన్న రోజున నిలువు వాలుల మీదకే కాదు, వాటి కిందికి కూడా పోకండి. పైన కొండ లేని చదును అడవులు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి, పిల్లలకి అక్కడా మంచే. చలికాలం మొదట్లో అవలాంచ్ సెంటర్ వాళ్లు గంటన్నర అవగాహన తరగతులు పెడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సూచన చదవడానికి ఐదు నిమిషాలు చాలు. చదివి, మీతో వచ్చే ప్రతి ఒక్కరికీ వినిపించండి. వాళ్లలో ఒక్కరు వద్దన్నా ఆ రోజుకి ఆగిపోండి.